ఇస్ఫహాన్ గుమ్మటం, మెదడు గీసే నగిషీ

ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరంలో షేక్ లుత్ఫుల్లా మసీదు ఉంది. సఫవీ పాలకుడు మొదటి షా అబ్బాస్ కాలంలో 1603లో పని మొదలై 1619లో పూర్తయింది. లోపల నిలబడి తలెత్తితే గుమ్మటం నిండా నిమ్మకాయ ఆకారపు గడులు కనిపిస్తాయి. ప్రతి గడిలోనూ పూలతీగలే. నడిమధ్యన గడులు చాలా చిన్నవి, కిందికి దిగేకొద్దీ పెద్దవవుతాయి. కాసేపు అలాగే చూస్తూ ఉంటే గుమ్మటం మనవైపు విచ్చుకుంటున్నట్టు అనిపిస్తుంది.

లేనివి ఉన్నట్టు చూపించే ఎల్‌ఎస్‌డీ, మెస్కలిన్ లాంటి మందులు తీసుకున్నవాళ్లు కళ్లు మూసుకున్నా కనిపించాయని చెప్పే దృశ్యాలు దీనికి చాలా దగ్గరగా ఉంటాయి. ఎల్‌ఎస్‌డీని తయారుచేసిన స్విస్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్మన్ కూడా 1943లో తనకు కలిగిన అనుభవం గురించి రాస్తూ, వలయాలుగా, సుడులుగా విచ్చుకుంటూ ముడుచుకుంటూ పోయే రంగుల ఆకారాలను వర్ణించాడు. దీన్ని పట్టుకుని ‘ఆ మసీదులు కట్టినవాళ్లు కూడా ఏదో మత్తులో ఉండి ఉంటారు’ అనేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి లెక్క కట్టి, రంగు పలకలు (టైల్స్) కోసి, ఒక్కొక్కటిగా అతికించిన పనివాళ్లకు ఆ మాట అన్యాయం చేస్తుంది. పోలిక మాత్రం నిజమే. దాని కారణం మన తల వెనక భాగంలో ఉంది.

హైన్రిఖ్ క్లూవర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920ల్లో మెస్కలిన్ ప్రభావాన్ని పరిశీలించాడు. ఎవరు ఏం చూశామని చెప్పినా, తిప్పి తిప్పి నాలుగు రకాల ఆకారాలే వస్తున్నాయని గమనించాడు: తేనెపట్టు లేదా చదరంగపు గళ్లు, సాలెగూళ్లు, సొరంగాలు, సుడులు. జ్వరపు కలవరింతలోనూ, నిద్ర పట్టబోయే ముందూ ఇవే వస్తాయి. అసలు మందే అక్కర్లేదు. చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యె రెండు వందల ఏళ్ల కిందటే కళ్లు మూసుకుని ఎండకు ఎదురుగా నిలబడి, కళ్ల ముందు వేళ్లు ఆడించి చదరంగపు గళ్లు చూశాడు. బస్సులో కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు, రోడ్డు పక్క చెట్ల సందుల్లోంచి ఎండ టకటకా తగులుతుంటే రెప్పల వెనక గళ్లు కనిపించడం కూడా ఇలాంటిదే. (మూర్ఛ వచ్చేవాళ్లు మాత్రం ఇలాంటి మిణుకు వెలుగుతో ప్రయోగాలు చేయకూడదు.)

మరి ఆ గళ్లు ఎక్కడివి? కంటి నుంచి వచ్చే సమాచారం మెదడు వెనక భాగంలోని దృష్టి పొరకు చేరుతుంది. అక్కడ నాడీకణాలు పక్కపక్కనే ఒత్తుగా అల్లుకుని ఉంటాయి. దగ్గరి కణాలు ఒకదాన్నొకటి ఉత్తేజపరుస్తాయి, కాస్త దూరంగా ఉన్నవి ఒకదాన్నొకటి అణచివేస్తాయి. మామూలుగా ఈ రెండూ సమతూకంలో ఉంటాయి. ఎల్‌ఎస్‌డీ లాంటివి, నాడీకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల మీద పనిచేసి ఆ తూకాన్ని చెడగొడతాయి. అప్పుడు బయట చూడటానికి ఏమీ లేకపోయినా, ఆ పొరలో ఉత్తేజం తనంతట తానే చారలుగానో, చుక్కల వరసలుగానో పేరుకుంటుంది. జంతువుల చర్మం మీద మచ్చలు, చారలు ఎలా ఏర్పడగలవో బ్రిటిష్ గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1952లో గణితంతో వివరించాడు. ఇదీ ఆ కోవకు చెందినదే. గణితవేత్తలు బార్డ్ ఎర్మెన్‌ట్రౌట్, జాక్ కోవన్ 1979లో ఈ లెక్కను మెదడుకు వర్తింపజేశారు. 2001లో కోవన్, మరికొందరు గణితవేత్తలు కలిసి, గీత ఏ వాలులో ఉందో గుర్తించే కణాలను కూడా లెక్కలోకి తీసుకుని తేనెపట్లు, సాలెగూళ్లు ఎలా వస్తాయో చూపించారు.

ఇందులో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఒకటుంది. కంటి ముందున్న దృశ్యం మెదడులో ఉన్నదున్నట్టుగా అచ్చు పడదు. చూపు నడిమధ్య పడే చిన్న భాగానికి మెదడులో చాలా పెద్ద చోటు దక్కుతుంది, అంచులకు తక్కువ. కంటి ముందరి వలయాలు, మధ్య నుంచి బయటికి పోయే కిరణాలు మెదడు పొర మీదికి వచ్చేసరికి దాదాపు తిన్నని గీతలవుతాయి. దీన్ని తిరగేసి చూడండి. మెదడు పొర మీద ఒకే కొలత గళ్లు సమంగా ఏర్పడితే, మనిషికి అవి మధ్యలో చిన్నవిగా, అంచులకు పోయేకొద్దీ పెద్దవిగా కనిపించాలి. క్లూవర్ చెప్పిన సొరంగం అదే. లుత్ఫుల్లా గుమ్మటం అమరికా అదే!

అక్కడి పనివాళ్లకు మెదడు సంగతి తెలియాల్సిన పని లేదు. గుమ్మటం మీద అడ్డంగా సాగే ప్రతి వరసలోనూ అన్నే గడులు పెట్టాలంటే, పైకి పోయేకొద్దీ వలయం చిన్నదవుతుంది కాబట్టి గడి కూడా చిన్నది కావాల్సిందే. చుట్టూ లెక్క మారకుండా మధ్యకు కుదించుకుపోవడం అనే ఒకే అమరికకు గుమ్మటం ఒక దారిన, మెదడు మరో దారిన చేరుకున్నాయి.

ఇస్ఫహాన్ దాకా పోలేనివాళ్లకు హైదరాబాద్‌లో మొహర్రం సంతాప సభలు జరిగే బాద్షాహీ ఆషూర్‌ఖానా ఉంది. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1590ల్లో కట్టించిన ఈ భవనం గోడలను తర్వాత ఇరాన్ తరహా రంగు పలకలతో నింపారు. అక్కడి ఆరుకోణాల అల్లికలు మెదడు కూడా సొంతంగా గీయగల రకమే. 1908 మూసీ వరదలో కింది భాగం పలకలు దెబ్బతిన్నాయి. ఆ చోట తర్వాత రంగులు వేశారు.

అయితే ఈ కళ అంతా మెదడు సొంతంగా గీసే ఆకారాలకు నకలు కాదు. మెదడు గురించి ఆ గణితం చూపించే అల్లికలు చదరాలు, తేనెపట్లు లాంటివి, అంటే ఒకే ముక్క మళ్లీ మళ్లీ వచ్చేవి. పది కోణాల నక్షత్రాలు అలా రావు. ఇస్ఫహాన్‌లోనే 1453 నాటి దర్బ్-ఎ-ఇమామ్ మందిరం గోడ మీద అవే నిండి ఉంటాయి. భౌతిక శాస్త్రవేత్తలు పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ 2007లో ఆ గోడను విశ్లేషించి, దశభుజి, పంచభుజి, షడ్భుజి, బో టై ఆకారం, రాంబస్ (సమచతుర్భుజం) అనే అయిదు రకాల ముక్కలతో ఆ నక్షత్రాలన్నీ వస్తాయని చూపించారు. చుక్కల ముగ్గుకు చుక్కలెలాగో ఆ గీతలకు ఈ ముక్కలు అలాగన్నమాట. పని పూర్తయ్యాక ముక్కల అంచులు కనిపించవు, గీతలే మిగులుతాయి. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ భవనంలో భద్రపరచిన నమూనాల కాగితపు చుట్టలో 114 డిజైన్లున్నాయి. వాటిలో సిరా లేకుండా మొనతో గీకిన సహాయక గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే, పదో శతాబ్దంలో గణితవేత్త అబుల్ వఫా బూజ్జానీ పనివాళ్లకు ఉపయోగపడే రేఖాగణితం మీద ప్రత్యేకంగా పుస్తకం రాశాడు. ఈ నక్షత్రాలకు పుట్టిల్లు ఆ కాగితం, ఆ వృత్తలేఖిని.

దర్బ్-ఎ-ఇమామ్‌లో పెద్ద గీతల నక్షత్రాల లోపల అదే పద్ధతిలో చిన్న గీతల నక్షత్రాలు పొదిగారు. ఈ నియమాన్ని అలాగే కొనసాగిస్తే, ఎంత దూరం పోయినా అదే వరస మళ్లీ తిరిగి రాని అల్లిక వస్తుంది. పాశ్చాత్య గణితంలో బ్రిటిష్ గణితవేత్త రోజర్ పెన్‌రోజ్ 1970ల్లో అలాంటి అల్లికలను వివరించాడు. ఇస్ఫహాన్ పనివాళ్లకు ఆ సంగతి తెలుసా అన్నదాని మీద పండితుల మధ్య ఇంకా వాదన సాగుతోంది. గోడ ఒక చోట ఆగిపోతుంది, ఆగిన ముక్కను మళ్లీ మళ్లీ వచ్చేలానూ పొడిగించవచ్చు, ఎప్పటికీ తిరిగి రాకుండానూ పొడిగించవచ్చు. అందుకే ఆ ఒక్క గోడతో ఈ వాదన తేలేది కాదు.