గింజ ఎన్నాళ్లు నిద్రపోవాలి?

తుఫాను వచ్చిన ప్రతిసారీ వ్యవసాయ శాస్త్రవేత్తలు రైతులకిచ్చే సూచనల్లో ఒక వాక్యం తప్పక కనిపిస్తుంది: వాలిపోయిన వరి వెన్నులపై గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి పిచికారీ చేయాలి. ఇది చేనుకు దిష్టి తీయడం వంటిదేనా అని ఒక పాఠకుడు అడిగారు. ఉప్పుతో దిష్టి తీసే అలవాటున్న ఇళ్లలో పెరిగినవారికి ఆ అనుమానం రావడం సహజమే గాని, ఇందులో మంత్రమేమీ లేదు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. ఈ ద్రావణం అంతకంటే ఉప్పన. దాని ద్రవాభిసరణ పీడనం, అంటే నీటిని తనవైపు లాగే బలం, సుమారు 40 వాతావరణ పీడనాలకు సమానం కాబట్టి, గింజపై ఆ తడి ఉన్నంతసేపు మొలకెత్తడానికి కావలసినంత నీటిని గింజ పీల్చుకోలేదు. మళ్లీ వాన పడితే ఉప్పు కడుక్కుపోతుంది. కనుక ఇది వాన తెరపి ఇచ్చినప్పుడు కొన్నాళ్ల వ్యవధి సంపాదించే ఉపాయమే తప్ప శాశ్వత రక్ష కాదు. ద్రవాభిసరణం గురించి బడిలో ఎండుద్రాక్షలు నానబెట్టి చూపిస్తారు. డెల్టా బడుల్లోనైనా ఆ పాఠాన్ని వరి వెన్నుతో మొదలుపెడితే పిల్లలకు జన్మంతా గుర్తుంటుంది.

అసలు రక్షణ గింజలోనే ఉండాలి: పక్వమైన గింజ తడి తగిలినా కొంతకాలం మొలకెత్తకుండా ఉండాలి. దీన్నే నిద్రావస్థ అంటారు. పశ్చిమ గోదావరి జిల్లా పెనుమంట్ర మండలంలోని మార్టేరు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వరి రకాల రూపకల్పనలో ఎదుర్కొనే చిక్కుల్లో ఈ నిద్రను సరిపాళ్లలో కుదర్చడం ఒకటి. 1925లో మొదలైన ఈ కేంద్రం ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేస్తోంది. ఒడిశా, బెంగాల్ దాకా పాకిన స్వర్ణ (ఎంటీయూ 7029), ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) ఇక్కడివే. ఆ కీర్తి అందరికీ తెలిసినదే కనుక దానిని వదిలి నిద్రావస్థ సంగతికి వస్తాను. నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది అదే.

సార్వా (ఖరీఫ్) వరి కోతకొచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలే బంగాళాఖాతంలో తుఫానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటే నాటికి కోస్తాలో చాలాచోట్ల వరి కోతలు సాగుతున్నాయి. పక్వమైన గింజకు నీరు, గాలి, వెచ్చదనం మూడూ అందితే వెన్ను మీదే మొలక వస్తుంది. పనల మీద ఉన్నా అంతే.

గింజ ముదిరే దశలో అందులో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పేరుకుంటుంది. అది మొలకను ఆపుతుంది. జిబ్బరెలిన్ అనే మరో హార్మోను దీనికి విరుద్ధంగా పనిచేస్తుంది: పిండం నుంచి బయలుదేరి, మరపట్టినప్పుడు తవుడులో కలిసిపోయే అల్యూరాన్ పొరను చేరి, అక్కడ ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమును తయారు చేయిస్తుంది. ఆ ఎంజైము పిండి పదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టి మొలకకు ఆహారంగా అందిస్తుంది. కాలువ తూముకున్న తలుపును ఒకరు కిందికి అదుముతుంటే మరొకరు పైకి లాగుతున్నట్టు ఊహించుకోండి. తలుపు లేవడానికి లాగేవాడి బలమొక్కటే లెక్క కాదు, ఇద్దరి బలాల మధ్య తేడా లెక్క. అదిమేవాడు అలసిపోయినా తలుపు లేస్తుంది. గింజ ఎండుతూ నిలవ ఉండేకొద్దీ జరిగేది ఇదే. అదిమేవాడి బలం తగ్గకపోయినా తలుపు అతని మాట వినడం మానేస్తే కూడా లేస్తుంది; అబ్సిసిక్ ఆమ్లం ఉన్నా దానికి స్పందించే గుణం తగ్గిన గింజ మొలకెత్తడం ఈ రెండో కోవకు చెందినది. కాబట్టి గింజలో ఏ హార్మోను ఎంత ఉందో కొలిచినంత మాత్రాన నిద్ర ఎంత గాఢమైనదో తేలదు.

ఈ నిద్రను చాలావరకు పోగొట్టింది మనిషే. అడవి వరికి నిద్ర ఎక్కువ. చల్లిన గింజలన్నీ ఒకేసారి మొలవాలని కోరుకున్న రైతు, తరతరాలుగా, తనకు తెలియకుండానే, నిద్ర తక్కువ ఉన్న గింజలను ఏరుకున్నాడు. బియ్యం తెల్లగా ఉండాలన్న మోజు కూడా ఇందులో చేయి వేసింది. కలుపు వరిలో బియ్యానికి ఎరుపు రంగునిచ్చే ఆర్‌సీ జన్యువే అబ్సిసిక్ ఆమ్లం తయారీనీ పెంచి నిద్రను గాఢం చేస్తుందని 2011లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఎర్ర బియ్యపు కలుపు వరి ఏళ్ల తరబడి పొలాన్ని వదలకపోవడానికి ఈ నిద్ర ఒక ముఖ్య కారణం.

అయితే నిద్ర ఎక్కువైనా ముప్పే. సార్వా పంట ఇంటికి చేరిన కొద్ది రోజులకే దాళ్వా (రబీ) నారుమడి పోయాలి. అదే పంట నుంచి విత్తనం తీసుకునే రైతుకు గింజ రెండు నెలలు నిద్రపోతే లాభం లేదు. తుఫాను వానలను తట్టుకోవాలంటే రెండు మూడు వారాల నిద్ర కావాలి, ఆ గడువు తీరగానే మెలకువ రావాలి. అందుకే కొత్త వంగడాన్ని పరీక్షించేవారు కోసిన నాటి నుంచి వారం వారం వంద గింజలను తడి కాగితంపై పరిచి ఎన్ని మొలిచాయో లెక్కపెడతారు. మొదటి వారం పళ్లెంలో తెల్లటి మొలక కనబడకపోవడం, నాలుగో వారం పళ్లెం నిండా మొలకలు రావడం వారికి కావలసిన ఫలితం. దిగుబడి, దోమపోటు, ఎండాకు తెగులు, పంటకాలం వంటి లక్షణాలన్నిటితో పాటు ఈ వారాల లెక్క కూడా ఒకే మొక్కలో కుదరాలి.

నిద్ర తీరని విత్తనాన్ని లేపడానికి విశ్వవిద్యాలయం చెప్పే పద్ధతి కూడా విచిత్రంగానే తోస్తుంది. నిద్ర తక్కువగా ఉన్న రకాలకు లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్లు, ఎక్కువగా ఉన్నవాటికి 10 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం కలిపి, విత్తనాలను 24 గంటలు నానబెట్టి, తరువాత కడిగి మండె కట్టాలి, అంటే తడి గోనెలో మూటగట్టి మొలకెత్తనివ్వాలి. ప్లాస్టిక్ పాత్రే వాడాలి, నీటిలో ఆమ్లం పోయాలే గాని ఆమ్లంలో నీరు పోయరాదు. నైట్రేట్ అందితే అబ్సిసిక్ ఆమ్లాన్ని విచ్ఛిన్నం చేసే ఎంజైము గింజలో పెరుగుతుందని ఆరబిడాప్సిస్ అనే చిన్న మొక్కపై జరిగిన ప్రయోగాల్లో తేలింది. అంటే తలుపును అదిమేవాడినే బలహీనపరచడమన్నమాట. సార్వా విత్తనాన్ని బాగా ఎండబెట్టి మరుసటి సార్వా వరకు దాచుకునేవారికి ఈ ఆమ్లంతో పనే లేదు, ఆ ఆరు నెలల్లో నిద్ర దానంతటదే తీరిపోతుంది.