గట్టు తెంచే సిగ్నల్: టవర్ యాంప్లిఫైయర్ దాకా ఏఐ ఎలా వచ్చింది

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పెళ్ళి ఊరేగింపు వెనక నడిచినవాళ్ళకి ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. మైక్ సెట్ అతను నాబ్ సగం దాకా తిప్పినంతసేపూ పాట పాటలాగే ఉంటుంది. పెళ్ళికొడుకు స్నేహితులు "ఇంకా పెంచన్నా" అని గోల చేస్తారు. ముప్పావు దాటాక సౌండు పెరగదు, పగులుతుంది. పాటలో లేని గరగర ఒకటి కొత్తగా పుడుతుంది. యాంప్లిఫైయర్ ఇవ్వగలిగినంతా ఇచ్చేసింది, ఆపైన వచ్చినదాన్ని నెత్తి మీదే కోసేస్తోంది.

సెల్ టవర్ మీదా సిగ్నల్‌ని పెంచి పంపే యాంప్లిఫైయరే ఉంటుంది. అదీ పగులుతుంది, కాకపోతే మన చెవికి వినబడదు. నష్టం రెండు వైపులా. మన డేటాలో తప్పులు దొర్లుతాయి, అది ఒకటి. రెండోది ఇంకా గొడవ పెట్టేది: మన ఛానల్‌లో, అంటే మనకి కేటాయించిన ఫ్రీక్వెన్సీ పట్టీలో, ఉండాల్సిన సిగ్నల్ పక్క ఛానల్‌లోకి పొంగుతుంది. మడిలో నీళ్ళెక్కువై గట్టు తెగితే పక్కవాడు ఊరుకుంటాడా? ఇక్కడా అంతే, ఆ పక్క మడి వేరే కంపెనీది కావచ్చు. అందుకే మామూలు 4జీ, 5జీ బ్యాండ్లలో బేస్ స్టేషన్ (టవర్ దగ్గరి రేడియో) నుంచి పక్క ఛానల్‌లోకి కారే పవర్ సొంత ఛానల్ పవర్ కంటే 45 డెసిబెల్స్ తక్కువ ఉండాలని ప్రమాణం పెట్టారు. అంటే దాదాపు ముప్పై వేల వంతుల్లో ఒక వంతు.

"టవర్లలోకి కూడా ఏఐ వచ్చేసింది" అని ఈ మధ్య తరచూ వింటున్నాం. అది చేయబోయే పనుల్లో ఈ గట్టు కాయడం ఒకటి. ఏఐ కొత్తది గానీ తలనొప్పి మాత్రం నూరేళ్ళ నాటిది.

మొదట ఇది టెలిఫోన్ వాళ్ళ బాధ. 1920లలో అమెరికాలో ఈ కొస నుంచి ఆ కొసకి మాట పంపాలంటే దారి పొడుగునా యాంప్లిఫైయర్లు కావాలి. ఒక్కోటి కాస్త కాస్త చెడగొట్టినా, చివరికి మాట మాటలా చేరేది కాదు. 1927 ఆగస్టు 2 ఉదయం అక్కడి టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ పడవ మీద నది దాటి పనికి వెళ్తున్నాడు. దారిలో ఉపాయం తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే బొమ్మ గీసుకున్నాడు. బయటికి వచ్చినదాంట్లో కొంత వెనక్కి తెచ్చి, తలకిందులు చేసి లోపలికి కలిపితే యాంప్లిఫైయర్ తన తప్పు తనే దిద్దుకుంటుంది. దాన్నే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటున్నాం. తీగలకి ఇది బ్రహ్మాండంగా సరిపోయింది. బాగా వెడల్పైన రేడియో సిగ్నల్ దగ్గర మాత్రం తప్పు చుట్టూ తిరిగి వచ్చేలోపే సిగ్నల్ మారిపోయి ఉంటుంది.

1936 మన సరిహద్దు జనం మర్చిపోని ఏడు. ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయింది. పర్లాకిమిడి అటు వెళ్ళింది, పక్కనున్న పాతపట్నం ఇటు తెలుగు వైపే ఉండిపోయింది. అదే ఏడు బెల్ ల్యాబ్స్‌లోనే విలియం డోహర్టీ రెండు యాంప్లిఫైయర్లని జత కట్టాడు. ఒకటి ఎప్పుడూ లాగుతుంది, రెండోది ఎక్కుడు వచ్చినప్పుడే భుజం పెడుతుంది. కొండ దారిలో బండికి రెండో జత ఎడ్లని కట్టినట్టు. రేడియో ప్రసార కేంద్రాల కోసం పుట్టిన ఆ ఏర్పాటే ఈనాటి బేస్ స్టేషన్లలో ఎక్కువగా కనిపిస్తుంది. కరెంటు మిగుల్చుతుంది, కానీ రెండో జత కలిసే చోట కుదుపు తప్పదు, అంటే సిగ్నల్ మళ్ళీ వంకర పోతుంది, దాన్నే డిస్టార్షన్ అంటారు.

2జీ రోజుల్లో ఈ టెన్షన్ పెద్దగా లేదు. 2జీ పద్ధతి అయిన జీఎస్ఎం సిగ్నల్ ఎత్తుపల్లాలు లేకుండా ఒకే మట్టంలో నడిచేది. (సరిహద్దు దాటితే ఇన్‌కమింగ్‌కి కూడా రోమింగ్ డబ్బులు కోసేవారు, అది వేరే నొప్పి.) 4జీతో కథ మారింది. వందలూ వేలూ సన్నని పాయలు కలిసి ఒక సిగ్నల్ అవుతాయి. అన్నీ ఒకేసారి లేచాయంటే శిఖరం సగటుకి పది రెట్లు దాటుతుంది. ఆ శిఖరం కోయకుండా ఉండాలంటే యాంప్లిఫైయర్‌ని శక్తిలో పదో వంతుకి దించి నడపాలి. మిగతా కరెంటు చాలావరకు వేడిగా పోతుంది. గజపతి జిల్లా కొండల్లో లైను పోయి టవర్ డీజిల్ మీద నడిచేటప్పుడు ఆ వేడి ఖరీదు లీటర్లలో తెలుస్తుంది.

దీనికి విరుగుడు సిగ్నల్‌ని ముందే చెడగొట్టడం. కొత్త నూలు గుడ్డ ఒక ఉతుకుకి ఎంత కుంచించుకుపోతుందో తెలిసిన దర్జీ ముందే అంత వదులు పెడతాడు. యాంప్లిఫైయర్ ఎటు వంచుతుందో తెలిస్తే సిగ్నల్‌ని దానికి ఎదురుగా వంచి పంపొచ్చు. డిజిటల్ ప్రీడిస్టార్షన్ అంటే ఇదే.

చిక్కేమిటంటే యాంప్లిఫైయర్‌కి జ్ఞాపకం ఉంటుంది. క్షణం కింద గట్టిగా అరిచినవాడి తర్వాతి మాట బొంగురుగా వస్తుంది కదా, అలాగే అది వేడెక్కి ఉంటే ఒకలా, చల్లబడితే ఇంకోలా వంచుతుంది. గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో చేసిన యాంప్లిఫైయర్ ట్రాన్సిస్టర్లలో ఎలక్ట్రాన్లు చిక్కుకుని తాపీగా బయటపడతాయి, ఆ జ్ఞాపకం ఇంకా పొడుగు. ఇటలీ గణితవేత్త వోల్టెరా పేరున ఉన్న శ్రేణితో దీన్ని రాయొచ్చు గానీ లెక్క చేటంత అవుతుంది. అందుకని 2000 తర్వాత దాన్ని కత్తిరించి మెమరీ పాలినామియల్స్ అనే చిన్న సూత్రాలు తెచ్చారు. 2006లో వాటికి ఇంకాస్త విస్తరించిన రూపం వచ్చింది. ఇప్పటికీ పొలంలో దున్నే ఎద్దులు ఇవే.

ఉదాహరణల నుంచి తనే నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌తో, అంటే ఏఐతో, దిద్దాలన్న ఆలోచన కూడా నిన్నటిది కాదు, 1993లోనే పరిశోధన పత్రం వచ్చింది. 2004లో లియు, బూమైజా, గన్నూచీ అనే పరిశోధకులు దానికి వాడుకకి పనికొచ్చే రూపం ఇచ్చారు. సిగ్నల్ ఇప్పటి విలువలనీ, వెనకటి విలువలనీ నెట్‌వర్క్‌కి ఇస్తారు. అది ఎంత వంచాలో చెబుతుంది. యాంప్లిఫైయర్ నుంచి బయటికొచ్చినదాన్ని కొలిచి, పోల్చి, మళ్ళీ నేర్పిస్తారు. సూత్రం మనం రాసివ్వక్కర్లేదు. అప్పట్లో అంత లెక్క చేసే చిప్పులు రేడియోలో పెట్టే స్థితి లేదు, పాలినామియల్స్‌తో పని జరిగిపోతోంది కూడా. ఆ తర్వాత సిగ్నల్ వెడల్పు పెరుగుతూ పోయింది. జీఎస్ఎంలో ఒక్కో సిగ్నల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్, 4జీలో 20 మెగాహెర్ట్జ్ దాకా. 2022 అక్టోబర్ 1న మన దేశంలో మొదలైన 5జీకి మామూలు బ్యాండ్లలో 100 మెగాహెర్ట్జ్ దాకా వెడల్పు ఉండొచ్చు. అక్కడ పాత సూత్రాలు నీరసపడ్డాయి, న్యూరల్ నెట్‌వర్క్ పాత పత్రాల దుమ్ము దులిపారు.

పర్లాకిమిడి బస్టాండ్‌లో వీడియో గిరగిరా తిరుగుతూ ఉండిపోవడానికి ఈ యాంప్లిఫైయర్ పగులే కారణమని నేను అనను. చాలాసార్లు జనం ఎక్కువై, టవర్‌కి వచ్చే డేటా లైను చాలక అలా అవుతుంది. పైగా న్యూరల్ నెట్‌వర్క్‌కి తన ఇబ్బందులు తనకున్నాయి. మాఘమాసం తెల్లవారుజామున నేర్చుకున్నది మే నెల మిట్టమధ్యాహ్నం పనికిరాకపోవచ్చు, మళ్ళీ నేర్పాలి. ప్రతిసారీ మొత్తం నేర్పే బదులు న్యూరల్ నెట్‌వర్క్‌లో చివరి పొర ఒక్కటే సరిచేయడం, పాలినామియల్ దిద్దగా మిగిలినదే దీనికి అప్పగించడం లాంటి దారులు వెతుకుతున్నారు. కరెంటు లెక్క ఇంకా మొండిది. 64 యాంటెన్నాల 5జీ పలకలో యాంప్లిఫైయర్లు చిన్నవి, ఒక్కోటి ఇచ్చేది కొన్ని వాట్లే. ఒక్కోదాన్ని దిద్దడానికి చిప్ ఒక్క వాట్ తిన్నా 64 వాట్లు అక్కడే ఖర్చు, యాంప్లిఫైయర్ దగ్గర మిగిల్చిన కరెంటు అంతకంటే ఎక్కువ ఉంటేనే ఆ పలకలో దానికి చోటు.