కంచం చుట్టూ ఒక దారం

పిల్లలూ,

పోయిన ఆదివారం మీలో పెద్దవాడు ఫోన్ చేసి "అమ్మమ్మా, మా కంప్యూటర్‌లో సైన్ 30 తప్పు వస్తోంది" అన్నాడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అడిగితే 0.5 రావాల్సిన చోట మైనస్ 0.988 వచ్చిందట. కంప్యూటర్ తప్పేమీ చెయ్యలేదు. అది 30ని డిగ్రీలుగా కాకుండా రేడియన్లుగా తీసుకుంది. ఆ సంగతి వాడికీ తెలుసు. వాడి అసలు ప్రశ్న వేరే: "డిగ్రీలు హాయిగా ఉండగా మళ్లీ ఈ రేడియన్ ఎందుకు?"

చాలా ఏళ్ల క్రితం నా క్లాసులో ఒక అమ్మాయి సరిగ్గా ఇదే అడిగింది. పరీక్షలు దగ్గరపడిన టెన్షన్‌లో ఉన్నాను. "పై రేడియన్లంటే 180 డిగ్రీలు. అది గుర్తుంచుకో, చాలు" అని కూర్చోబెట్టేశాను. అలా చెప్పినందుకు ఇప్పటికీ బాధపడతాను. అందుకే ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి వదిలెయ్యకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు వంటింట్లోంచి గుండ్రటి స్టీలు కంచం తెచ్చి, కాగితం మీద బోర్లించి చుట్టూ గీత గీయండి. ఆ వృత్తాన్ని కత్తిరించి, సగానికి ఒకసారి, మళ్లీ సగానికి ఒకసారి మడిచి విప్పండి. మడతలు కలిసిన చోటే కేంద్రం. అక్కడి నుంచి అంచు దాకా దారం పెట్టి తెంచండి. ఈ దారం పొడవే వ్యాసార్థం. ఇప్పుడు అదే దారాన్ని అంచు వెంబడి వంచి పెట్టి, దాని రెండు కొసల నుంచి కేంద్రానికి గీతలు గీయండి. ఆ రెండు గీతల మధ్య ఉన్న కోణమే ఒక రేడియన్.

కంచం బదులు చేతి గాజుతో చేసినా, ఎడ్లబండి చక్రంతో చేసినా అదే కోణం వస్తుంది. గాజుకి చిన్న దారం, చక్రానికి పెద్ద దారం. వృత్తం పెరిగినంతా దారమూ పెరుగుతుంది కాబట్టి కోణం మారదు. ఏ వృత్తం కొలబద్ద దాని లోపలే ఉంటుంది. మనం బయటి నుంచి ఏమీ తేనక్కర్లేదు.

డిగ్రీ అలాంటిది కాదు. వృత్తాన్ని 360 భాగాలు చెయ్యమని వృత్తం మనకు చెప్పలేదు. మనుషులు ఎంచుకున్న సంఖ్య అది. అరవైల లెక్క బాబిలోనియా వాళ్ల నుంచి వచ్చింది, గంటకు 60 నిమిషాలు కూడా అక్కడివే. 360ని రెండుతో, మూడుతో, నాలుగుతో, అయిదుతో, ఆరుతో భాగించినా శేషం ఉండదు. గోడ కట్టే మేస్త్రీకి, పటం గీసేవాళ్లకు అంతకంటే సుఖమైనది ఉండదు. డిగ్రీలను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు.

మళ్లీ దారం దగ్గరికి రండి. అంచు చుట్టూ అది ఎన్నిసార్లు పడుతుందో చూడండి. ఆరుసార్లు పట్టి, ఇంకొంచెం ఖాళీ మిగులుతుంది. వ్యాసార్థం 14 సెంటీమీటర్లయితే మిగిలేది సుమారు 4 సెంటీమీటర్లు. అందుకే చుట్టంతా కలిపి 6.28 రేడియన్లు, సగం చుట్టు 3.14. మీరు బట్టీపట్టిన పై మీ కంచం అంచు మీదే ఉంది!

ఇప్పుడు అంతే పొడవున్న చీపురు పుల్ల తీసుకోండి. దాన్ని వంచకుండా, రెండు కొసలూ అంచుకు తగిలేలా వృత్తం లోపల పెడుతూ వెళ్లండి. సరిగ్గా ఆరుసార్లు పట్టి, మొదలుపెట్టిన చోటికే వస్తారు. ఒక్కో పుల్లకూ కేంద్రం దగ్గర 60 డిగ్రీలు. దారం కూడా అంతే పొడవు కదా, మరి దానికి 60 ఎందుకు రాలేదు? అది వంగింది కాబట్టి. వంగేసరికి కొసలు కాస్త దగ్గరయ్యాయి. అందుకే ఒక రేడియన్ అంటే 57 డిగ్రీల 17 నిమిషాల 45 సెకన్లు, 60కి కొంచెం తక్కువ. (ఇవి గడియారం నిమిషాలు కావు. డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం, నిమిషంలో అరవయ్యో వంతు సెకను.)

మన లెక్కల పుస్తకంలో ఆ వంగిన దారాన్ని చాపం అంటారు, పుల్లను జ్యా అంటారు. చాపమంటే విల్లు, జ్యా అంటే వింటినారి. ఇంత చక్కటి బొమ్మ ఆ మాటల్లోనే ఉంటే, పరీక్ష కోసం నిర్వచనాలు రాయించి పంపేస్తున్నాం. సైన్ అనే మాట పుట్టింది కూడా ఈ జ్యా నుంచే. సంస్కృతంలో దానికే జీవ అని ఇంకో పేరు. అరబ్బులు దాన్ని జీబ అని రాసుకున్నారు. తర్వాత అది జైబ్‌గా చదవబడింది. అరబ్బీలో జైబ్ అంటే బట్ట మడత, ఎద దగ్గరి వంపు. లాటిన్‌లోకి మార్చినవాళ్లు అదే అర్థమున్న సైనస్ అనే మాట పెట్టారు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన చోటికి వచ్చాను. 499లో, 23 ఏళ్ల వయసులో ఆర్యభటుడు సైన్ పట్టిక ఇచ్చాడు. వృత్తం చుట్టూ 360 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 60 నిమిషాలు, మొత్తం 21,600 నిమిషాలు. ఆయన చాపాన్ని ఆ నిమిషాల్లో కొలిచి ఊరుకోలేదు, నారినీ వ్యాసార్థాన్నీ కూడా అవే నిమిషాల్లో కొలిచాడు. అలా కొలిస్తే వ్యాసార్థం 3,438 వస్తుంది. 3,438 నిమిషాలను 60తో భాగించి చూడండి: 57.3 డిగ్రీలు. మీ కంచం మీద దారం చూపించిన కోణమే! రేడియన్ అన్న పేరు ఆయనకు తెలియదు. కానీ విల్లునీ నారినీ ఒకే కొలతతో కొలవాలన్న ఆలోచన అక్కడ ఉంది.

అలా కొలిస్తే ఏం కనిపిస్తుంది? పట్టికలో మొదటి చాపం 225 నిమిషాలు, అంటే మూడుముప్పావు డిగ్రీలు. దాని జ్యా కూడా 225. రెండో చాపం 450, జ్యా 449. ఎనిమిదోది 1,800, అంటే మన 30 డిగ్రీలు. దాని జ్యా 1,719. అది 3,438లో సరిగ్గా సగం, మీకు తెలిసిన 0.5. (ఆయన రెట్టింపు చాపానికి నారి వేసి, అందులో సగమే తీసుకుంటాడు, అర్ధజ్యా. దాన్ని వ్యాసార్థంతో భాగిస్తే మన సైన్.) మొదటి వరుస దగ్గర కాసేపు ఆగండి. కోణం చిన్నదయితే విల్లు దాదాపు వంగనే వంగదు, విల్లూ నారీ ఒకటే అయిపోతాయి. రేడియన్లలో కొలిస్తే చిన్న కోణానికి సైన్ దాదాపు ఆ కోణమే. డిగ్రీల్లో కొలిస్తే ఈ పోలిక కనబడదు, ప్రతిసారీ 0.01745తో గుణించుకోవాలి. మీరు డిఫరెన్షియేషన్ చదివినప్పుడు సైన్ నుంచి కొసైన్ శుభ్రంగా వచ్చేది కూడా రేడియన్లలోనే.

పెద్దవాడా, నీ కంప్యూటర్ సంగతి ఇక్కడే తేలుతుంది. 14వ శతాబ్దంలో కేరళలో సంగమగ్రామ మాధవుడు ఒక దారి చూపించాడు. కోణాన్ని రేడియన్లలో తీసుకో. అందులోంచి దాని ఘనాన్ని 6తో భాగించి తీసెయ్యి. అయిదో ఘాతాన్ని 120తో భాగించి కలుపు. అలా సాగుతుంది. 30 డిగ్రీలంటే 0.5236 రేడియన్లు. ఘనంలో ఆరో వంతు 0.0239. తీసేస్తే 0.4997. తర్వాతి ముక్క 0.0003 కలిపితే 0.5000. బొమ్మ లేదు, కోణమాపకం లేదు, కూడికలూ గుణకారాలతోనే సైన్ వచ్చేసింది. సైన్ లెక్క ఇంత సూటిగా నడిచేది రేడియన్లలోనే కాబట్టి పైథాన్ నీ దగ్గర రేడియన్లే అడుగుతుంది.

రేడియన్ అన్న పేరు మాత్రం కొత్తదే. 1873లో బెల్‌ఫాస్ట్‌లో జేమ్స్ థామ్సన్ అనే ప్రొఫెసర్ ఇచ్చిన పరీక్ష పేపర్లో ఆ మాట అచ్చయింది. వ్యాసార్థాన్ని ఇంగ్లీషులో రేడియస్ అంటారుగా, దాన్నుంచి వచ్చింది.

ఇక చిన్నవాళ్లకు ఒక పని. ఈ పౌర్ణమికి డాబా ఎక్కేటప్పుడు ఒక కందిగింజ, ఒక స్కేలు, టేపు తీసుకెళ్లండి. ఒక కన్ను మూసి, చెయ్యి చాచి గింజను చందమామకు అడ్డం పెట్టండి. అంత చిన్న గింజ అంత చందమామను కప్పేస్తుంది! గింజ వెడల్పు 5 మిల్లీమీటర్లు, కంటికి దాని దూరం 550 మిల్లీమీటర్లు అనుకుందాం. 5ని 550తో భాగిస్తే 0.0091, అదే రేడియన్లలో కోణం. చందమామ మనకు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉంది. గింజ చందమామను సరిగ్గా కప్పిందంటే చందమామ కోణమూ అదే, కాబట్టి రెండూ గుణిస్తే దాని వెడల్పు వస్తుంది: సుమారు 3,500 కిలోమీటర్లు. చందమామ అసలు వ్యాసం 3,474.

మీ చేతి పొడవు, మీ గింజ వెడల్పు వేరేగా ఉంటాయి. మీకెంత వచ్చిందో కాగితం మీద రాసి ఫొటో తీసి పంపండి. మబ్బు పడితే మర్నాడు చూడండి, ఒక్క రోజుకి పెద్దగా తేడా రాదు.

మీ
అమ్మమ్మ