ముక్కు పరిగెత్తుతుందా?

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. మొన్న సెలవులకు కోవూరు దగ్గర మా ఊరికి వస్తూ ఇంగ్లీషు హోంవర్కు కూడా తెచ్చుకుంది. ‘రన్’ అనే మాట ఉన్న వాక్యాలు పది ఇచ్చి తెలుగులో రాయమన్నారు. ఒక వాక్యంలో ఎవరో హోటలు నడుపుతున్నారు, ఇంకోదాంట్లో పిల్లాడికి ముక్కు కారుతోంది, మరోదాంట్లో రోడ్డు ఏటి వెంబడే పోతోంది. అన్నిట్లోనూ రన్నే.

“రన్ అంటే పరిగెత్తడమే గదా మామయ్యా! ముక్కు ఎట్టా పరిగెత్తుద్ది?”

ఎంత మంచి ప్రశ్న! ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో ఎక్కువ చోటు తీసుకున్న మాట ‘సెట్’. క్రియగా దానికి 430 అర్థాలు. తర్వాతి సవరణలో రన్ దాన్ని దాటేసింది. క్రియగానే 645! ఆ ఒక్క మాట లెక్క తేల్చడానికి పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడికి తొమ్మిది నెలలు పట్టింది. మన గైడ్లు ఇందులో ఓ ఇరవై అర్థాలు వరసగా వేసి బట్టీ పట్టమంటాయి. ఆ పద్ధతి చూస్తే నాకు కడుపు మండుతుంది. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడే ఏ పిల్లా ఇవి బట్టీ పట్టి నేర్చుకోదు.

పిల్లకు జవాబు చెప్పకుండా, వడ్లు ఆడించడానికి పోతూ వెంట తీసుకెళ్ళాను. మర తిరుగుతోంది. మోటారు చక్రం నుంచి మర చక్రానికి వేసిన బెల్టు మధ్యలో అల్లల్లాడుతోంది. తొట్టిలో పోసిన వడ్లు సన్నగా వణుకుతూ కిందికి దిగుతున్నాయి. ఒక పక్క బియ్యం, ఇంకో పక్క తవుడు. గుమ్మం దగ్గర మూట దించిన ఒకామె లోపలికి కేకేసింది: “అన్నా, మర ఆడతా ఉందా?”

“విన్నావా? మర ఆడటమేంది? అదేమన్నా చిన్నపిల్లా?” అన్నాను. పిల్ల నోరు తెరిచి చూసింది. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే, ఒక్కసారీ ఆగి ఆలోచించలేదు.

ఆడు అనే క్రియను పట్టుకుని కాసేపు కూర్చోండి. పిల్లలు ఆడతారు. కుక్క తోకాడిస్తుంది. మే నెల మధ్యాహ్నం మా నెల్లూరులో ఆకు కూడా ఆడదు. ఉక్కపోతకు ఊపిరాడదు. చెడ్డకబురు వింటే కాలూ చెయ్యీ ఆడవు. రెక్కాడితే గాని డొక్కాడదు. గానుగ ఆడుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. వీటన్నిటి అడుగునా ఒకే కదలిక ఉంది: అడ్డు లేకుండా అటూ ఇటూ, మళ్ళీ మళ్ళీ. గాలికి ఆకు, గాలి పీల్చి వదిలే రొమ్ము, గింజను రాపాడించే మర. మాట్లాడటం, పోట్లాడటం కూడా అంతే: మాటైనా దెబ్బైనా ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి పోయి తిరిగొస్తుంది. ఊపిరాడని మనిషీ, కరెంటు పోయి ఆడని మరా ఒకే క్రియ కిందికి వచ్చింది ఇందుకే.

ఇంగ్లీషువాళ్ళు ఎంచుకున్న కదలిక వేరు. ఆగకుండా ముందుకు సాగిపోవడం. కాళ్ళతో సాగితే పరుగు, నీళ్ళు సాగితే ప్రవాహం, పని సాగితే హోటలు. మనకు ఆడే మర వాళ్ళకు పరిగెత్తుతుంది. ఫ్రెంచివాళ్ళ యంత్రమైతే నడుస్తుంది. ఆవిరి యంత్రం, రైలు, ఫ్యాక్టరీ, కంప్యూటరు ఒకదాని వెనక ఒకటి వచ్చే కొద్దీ రన్‌కు కొత్త కొమ్మలు పుట్టుకొచ్చాయి.

ముక్కు సంగతికి వస్తాను. తెలుగులో ‘పారు’ అంటే ఇవాళ ప్రవహించడం. కాలవ పారుతుంది, మడి పారుతుంది. మరి ‘పారిపోయాడు’లో నీళ్ళెక్కడివి? పాత తెలుగులో పారడమంటే పరిగెత్తడం కూడా. పరుగు అర్థం రాలిపోయి, ప్రవాహం నిలిచింది. ‘పారిపోవు’లో మాత్రం పాత అర్థం దాక్కుని ఉంది. రన్‌కు జర్మన్‌లో తోబుట్టువు ‘రినెన్’. దానికీ ఇప్పుడు కారడం, పారడమే మిగిలాయి. ఇంగ్లీషు రెండు అర్థాలూ దాచుకుంది కాబట్టి వాళ్ళ ముక్కు పరిగెత్తుతోంది.

రోడ్డు ఇంకా చిత్రం. “ఈ రోడ్డు మైపాడు పోద్దా?” అని అడుగుతాం. రోడ్డు అంగుళం కూడా కదలదే! లియొనార్డ్ టాల్మీ అనే భాషావేత్త దీన్ని ఊహాచలనం అన్నాడు. 2004లో టీనీ మాట్లాక్ అనే పరిశోధకురాలు దీని మీద ప్రయోగాలు ప్రచురించింది. ముందు ఒక ప్రయాణం కథ చదివించి, తర్వాత ‘రోడ్డు ఎడారి దాటి పోతుంది’ లాంటి వాక్యం చదివించింది. కథలో దారి గతుకులైనా, ప్రయాణం నెమ్మదిదైనా ఆ వాక్యం చదవడానికి ఎక్కువ సమయం పట్టింది. ‘రోడ్డు ఎడారిలో ఉంది’ అని రాస్తే ఆ తేడా రాలేదు. అంటే కదలని రోడ్డు గురించి చదువుతూ మనసు ఆ దారిలో ప్రయాణం చేస్తోందన్నమాట!

ఇన్ని అర్థాలు అరుదైన మాటలకు రావు. 1945లో జార్జ్ జిఫ్ అనే భాషావేత్త ఒక లెక్క చూపించాడు: మాట అర్థాల సంఖ్య సుమారుగా దాని వాడుక వర్గమూలాన్ని అనుసరిస్తుంది. వందరెట్లు ఎక్కువ వాడే మాటకు పది రెట్లు అర్థాలు. ఒంటితో చేసే పనుల మాటలు చిన్నప్పుడే నోటికొస్తాయి, రోజంతా వాడతాం. పుట్టిన బిడ్డ నాలుకకు వస రాస్తే మాటలొస్తాయని మా వైపు నమ్మకం. నిజానికి బిడ్డకు కావాల్సింది వస కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడే మనుషులు. ‘ఆడు’ అర్థాలన్నీ ఈ పిల్లకు అట్లానే వచ్చాయి.

సెలవులయ్యాక దాన్ని దిగబెట్టడానికి బస్సులో నెల్లూరు వెళ్ళాం. ఆత్మకూరు బస్టాండు ముందు బస్సు నెమ్మదించగానే ఒకతను ఫుట్‌బోర్డు మీదికి దిగాడు. కండక్టరు అరిచాడు: “అన్నా, రన్నింగ్‌లో దిగబాక!”

పిల్ల నా చెయ్యి గట్టిగా గిల్లింది. “మామయ్యా, ఇదీ రన్నే!”