దొరలు వదిలి పారిపోయిన పొలాలు

సౌత్ కరోలినా తీరంలోని హిల్టన్ హెడ్ అంటే ఇప్పుడు గోల్ఫ్ మైదానాలు, రిసార్టులు. ఆ ద్వీపంలో తరతరాలుగా ఉంటున్న గల్లా ప్రజలకు, అంటే ఒకప్పటి ఆఫ్రికన్ బానిసల వారసులకు, మాత్రం భూమి టెన్షన్. తాతలు వీలునామా రాయకుండా పోయారు. ఉమ్మడి వారసుల్లో ఒకరు వాటా అమ్ముకుంటే, కొన్నవాడు కోర్టుకెళ్లి మొత్తం పొలాన్నే అమ్మించిన సందర్భాలున్నాయి. అసలు ఈ భూమి వాళ్లకు ఎలా వచ్చిందో తెలియాలంటే అమెరికా అంతర్యుద్ధం మొదటి నెలల్లోకి వెళ్లాలి.

1861 ఏప్రిల్ 12న సౌత్ కరోలినాలోని సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి, ఉత్తర దక్షిణాల యుద్ధం మొదలైంది. వారానికి లింకన్ దక్షిణాది రేవుల దిగ్బంధం ప్రకటించాడు. ప్రకటన తేలికే. కాపలా ఓడలు బొగ్గు కోసం ప్రతిసారీ ఉత్తరాదికి పోయి రావాలంటే కుదురుతుందా? దగ్గర్లో ఒక రేవు కావాలి. హిల్టన్ హెడ్ పక్కనే ఉన్న పోర్ట్ రాయల్ మీద కన్నుపడింది.

నవంబర్ 7న ఉత్తరాది నౌకాదళ నాయకుడు డూపాంట్ నౌకలు రెండు కోటల మధ్య గుండ్రంగా తిరుగుతూ గుళ్లు కురిపించాయి. కోటల్లోని దక్షిణాది సేనకు నాయకుడు థామస్ డ్రేటన్. ఎదుటి ఓడల్లో ఒకదానికి కెప్టెన్ అతని సొంత తమ్ముడు పెర్సివల్! సాయంత్రానికి అంతా అయిపోయింది. పత్తి దొరలు కుటుంబాలతో సహా పారిపోయారు. బానిసలనూ తోలుకుపోవాలని చూశారు, కానీ చాలామంది పొలాల్లో, చిత్తడి నేలల్లో దాక్కున్నారు. అలా సుమారు 10,000 మంది మిగిలారు. కొన్ని తోటల్లో వాళ్లు ముందు చేసిన పని పత్తి గింజ తీసే జిన్నులు పగలగొట్టడం. తర్వాత తిండికి మొక్కజొన్న, చిలగడదుంప వేసుకున్నారు.

వాషింగ్టన్‌కు మాత్రం పత్తే కావాలి. కాగితాల మీద ఈ మనుషులు ఇంకా స్వతంత్రులు కారు, శత్రువు దగ్గర పట్టుబడ్డ సరుకు. కూలికి పత్తి పండించమన్నారు. వాళ్లడిగింది భూమి. (ఈ యుద్ధం తెచ్చిన పత్తి కరువులోనే మన గుంటూరు పత్తికి గిరాకీ పెరిగి, కాకినాడ రేవు కొన్నేళ్లు కళకళలాడింది.)

పారిపోయిన దొరలు పన్ను కట్టలేదని 1863 నుంచి ప్రభుత్వం ఆ తోటలను వేలం వేసింది. నల్లవాళ్లు డబ్బులు కూడబెట్టి కొంత కొన్నారు. 1865లో ఉత్తరాది జనరల్ షెర్మన్ ఒక్కో నల్ల కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇస్తానన్న భూమిని అధ్యక్షుడు జాన్సన్ అదే ఏడాది చాలావరకు వెనక్కి లాగేశాడు గానీ, వేలంలో కొన్నవి నిలిచాయి. 1956లో ద్వీపానికి వంతెన పడింది. భూమి ధరలతోపాటు పన్నులూ పెరిగాయి. ఇప్పుడు బకాయి పడిన గల్లా కుటుంబాల పొలాలు వేలానికి వస్తున్నాయి.