చెయ్యి కింద నుంచి వేస్తే భుజానికి ఏమీ కాదా? సాఫ్ట్‌బాల్ పిచింగ్: అపోహలు - వాస్తవాలు

జిల్లా మీట్లు మొదలైతే చాలు, నా వాట్సాప్‌కి అదే ఫార్వర్డ్ మళ్లీ వస్తుంది. జపాన్ పిచ్చర్ (క్రికెట్‌లో బౌలర్ లాగా బంతి వేసే ఆటగత్తె) యుకికో ఉయెనో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లాడి 413 బంతులు వేసిందని. దాని కింద ఎవరో ఒకరు తగిలించే వ్యాఖ్య: "మన పిల్లలేమో నాలుగు ఇన్నింగ్స్‌కే అలిసిపోతారు." పంపేది ఎక్కువగా పీఈటీలు, అప్పుడప్పుడు తండ్రులు. లెక్క నిజమే. అందులోంచి వాళ్లు లాగే నీతితోనే నాకు పేచీ.

అపోహ: బంతి కింద నుంచి వేస్తారు కాబట్టి చేతికేం కాదు, ఒక్క పిచ్చర్‌తో టోర్నమెంటంతా లాగించెయ్యొచ్చు.

వాస్తవం: విండ్‌మిల్‌లో, అంటే గాలిమరలా చేతిని పూర్తిగా తిప్పి కింద నుంచి వేసే పద్ధతిలో, చెయ్యి గిర్రున తిరిగి బంతి వదిలే వేళకి, భుజాన్ని గూట్లోంచి బయటికి లాగే బలం దాదాపు మనిషి బరువంత ఉంటుందని ల్యాబుల్లో కొలిచి చూశారు. బేస్‌బాల్ పిచ్చర్ భుజం మోసే భారానికి ఇదేం తీసిపోదు. ముందుగా దెబ్బతినే చోటు కూడా తెలిసిందే. భుజం ముందువైపు, బైసెప్స్ పైకొస అతుక్కునే దగ్గర.

ఆ మధ్య ఒక అండర్-17 అమ్మాయి ఒకే రోజు వరసగా మూడు మ్యాచ్‌లూ తనే వేసింది. చెయ్యెలా ఉందే అంటే, "నొప్పేం లేదు మేడమ్, కొంచెం లాగుతోందంతే" అంది. భోజనాల దగ్గర చూస్తే పులిహోర ఎడమ చేత్తో, చెంచాతో తింటోంది. ఊడిన జడ పక్కపిల్ల అల్లుతోంది. జట్టులో బంతి వేయగల పిల్లలు ఇంకో ఇద్దరున్నారు. వాళ్లని దింపితే మ్యాచ్ పోతుందని సారు భయం. చివరికి పోయింది ఆ పిల్ల స్టేట్ మీట్. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని "ఇంక ఆడలేదా మేడమ్, పెళ్లప్పుడు ఎవరైనా వంక పెడతారా" అని ఒకటే బెంగ. అమ్మా, ఆడుతుంది. విశ్రాంతి, ఫిజియో దగ్గర వ్యాయామం, తర్వాత మెల్లగా మొదలు. ఇప్పుడు ఆ పిల్ల మళ్లీ వేస్తోంది కూడా. దాచిపెట్టి ఆడితేనే ముదురుతుంది.

ఇక ఆ 413 సంగతి. ఆగస్టు 20న అమెరికాతో 9 ఇన్నింగ్స్, ఓటమి. అదే రోజు ఆస్ట్రేలియాతో 12 ఇన్నింగ్స్, గెలుపు. రెండూ కలిపి 318 బంతులు. మర్నాడు ఫైనల్లో మళ్లీ అమెరికాపై 95 బంతులు, 3-1తో స్వర్ణం. అప్పుడామెకి 26 ఏళ్లు, కంపెనీ జట్టులో ఆడడమే వృత్తి. పైగా ఆ తర్వాత ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ ఉండదని ముందే తేలిపోయింది. అండర్-14 జోనల్ మీట్‌కి అంత ప్రాణం మీదికి తెచ్చుకోవడం దేనికి?

ఫార్వర్డ్ చేసేవాళ్లు 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ గురించి మాట్లాడరు. జులై 27, యోకొహామా, మళ్లీ అమెరికాతోనే ఫైనల్. జపాన్ ఆధిక్యంలో ఉంది. అయినా ఆరో ఇన్నింగ్స్‌లో కోచ్ రెయికా ఉత్సుగి ఉయెనోని తప్పించి, 20 ఏళ్ల ఎడమచేతి పిచ్చర్ మియు గోతోని దింపింది. రెండు బేస్‌ల (పరుగు తీసేవాళ్లు ఆగే చోట్లు) మీద అమెరికా రన్నర్లు. అవతలి బ్యాటర్ బలంగా కొట్టిన బంతి మూడో బేస్ దగ్గరున్న యమమోతో మణికట్టుకి తగిలి గాల్లోకి లేచింది. షార్ట్‌స్టాప్ (రెండు, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) అత్సుమి దాన్ని కింద పడనివ్వకుండా పట్టి రెండో బేస్‌కి విసిరింది, డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరు ఔట్. ఏడో ఇన్నింగ్స్‌కి రీ-ఎంట్రీ నిబంధనతో (మొదట ఆడినవాళ్లు బయటికెళ్లినా ఒకసారి తిరిగి రావచ్చు) ఉయెనో తిరిగొచ్చి ముగించింది, 2-0. అంతటి పిచ్చర్‌కే మధ్యలో గోతో కావలసివస్తే, మీ స్కూల్ జట్టుకి రెండో పిచ్చర్ అక్కర్లేదా? స్కోర్‌షీట్ పక్కన బంతుల లెక్క కూడా రాయించండి. భుజం ముందు లాగుతోందంటే ఆ పూటకి ఆపండి.

మిగతావి చకచకా.

"పాతికేళ్లు దాటితే ఆడపిల్లకి ఆటెక్కడిది?" ఆ ఫైనల్ నాటికి ఉయెనోకి 39 నిండి ఐదు రోజులు. అవతల అమెరికా వైపు పిచింగ్ మొదలుపెట్టిన క్యాట్ ఆస్టర్‌మన్‌కి 38.

"బంతి మెత్తనే, తగిలినా ఏం కాదు." 2019లో లీగ్ మ్యాచ్‌లో బ్యాటర్ కొట్టిన బంతి తగిలి ఉయెనో దవడ ఎముక విరిగింది. పిచ్చర్‌కీ బ్యాటర్‌కీ మధ్య 43 అడుగులే. పిల్ల ఫేస్ మాస్క్ అడిగితే పిరికిదనకండి, కొనిపెట్టండి.

"ఒలింపిక్స్‌లో తీసేశారుగా, నేర్పించి ఏం లాభం?" 1996 నుంచి 2008 దాకా ఉంది, టోక్యోలో వచ్చింది, పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ ఉంది. అయితే ఒక్క మాట: లాస్ ఏంజెలెస్‌లో ఉండే మేనకోడలింట్లో దిగి మ్యాచ్‌లు చూసొద్దామనుకునేవాళ్లు ప్లాను మార్చుకోవాలి. సాఫ్ట్‌బాల్ జరిగేది అమెరికాలోనే వేరే రాష్ట్రంలో ఉన్న ఓక్లహోమా సిటీలో.