నెట్ న్యూట్రాలిటీ గొడవ వెనక పాత కేబుల్ తగాదా

అమెరికాలో నెట్ న్యూట్రాలిటీ, అంటే నెట్ కంపెనీ ఏ వెబ్‌సైట్‌నీ ఆపకూడదు, నెమ్మది చేయకూడదు అనే నియమం, మళ్ళీ పోయింది. 2024 ఏప్రిల్‌లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తిరిగి తెచ్చిన నిబంధనల్ని, 2025 జనవరి 2న సిన్సినాటిలోని ఆరో సర్క్యూట్ అప్పీల్ కోర్టు కొట్టేసింది. దాంతో ఒబామా హయాంలో తెచ్చారు, ట్రంప్ హయాంలో తీసేశారు, బైడెన్ హయాంలో మళ్ళీ తెచ్చారు అనే కథ మరోసారి మొదలైంది. అదంతా అందరికీ తెలిసిందే. ఈ తగువుకు అసలు ముడి పడింది 2002 మార్చిలో అని నేననుకుంటున్నాను, అది తెలియకపోతే మిగతాదంతా పార్టీల గొడవలాగే కనిపిస్తుంది.

అప్పటి ప్రశ్నే వేరు. ఏ వెబ్‌సైట్‌ని నెమ్మది చేస్తారన్నది కాదు, ఇంటికొచ్చే కేబుల్ వైరు మీద ఆ కేబుల్ కంపెనీ ఒక్కటే నెట్ అమ్మాలా, లేక వేరే ప్రొవైడర్లు కూడా అద్దె కట్టి అదే వైరు మీద అమ్ముకోవచ్చా అన్నది. డయల్‌అప్ రోజుల్లో ఫోన్ లైన్ మీద ఎవరి నెట్ కావాలంటే వాళ్ళది వాడుకున్నారు, ఫోన్ కంపెనీ అడ్డుపడటానికి వీల్లేదు, అందుకే ఊరూరా చిన్న ప్రొవైడర్లు బతికారు. కేబుల్ దగ్గరికొచ్చేసరికి ఆ దారి లేదు.

మొదట ఎదురుతిరిగింది ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ నగరం. టీసీఐ అనే కేబుల్ కంపెనీని ఏటీ అండ్ టీ కొంటున్నప్పుడు, ఫ్రాంచైజీ (నగరంలో కేబుల్ నడిపే అనుమతి) బదిలీ కావాలంటే పోటీ ప్రొవైడర్లకు కూడా దారి ఇవ్వాలని షరతు పెట్టింది. కంపెనీ కోర్టుకెళ్ళింది. అలాంటి షరతు పెట్టే అధికారం నగరానికి లేదని 2000 జూన్‌లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు తేల్చింది. కానీ అదే తీర్పులో, కేబుల్ నెట్‌లో టెలికాం సర్వీసు కూడా కలిసి ఉందని రాసింది. టెలికాం సర్వీసు అంటే ఫోన్ కంపెనీకున్న బాధ్యతలే కేబుల్‌కీ వస్తాయి. ఓడింది నగరం, టెన్షన్ పట్టుకుంది కేబుల్ కంపెనీలకి.

వైరు పంచుకోవడం సాధ్యం కాదన్న మాటకి అప్పటికే జవాబుంది. నెట్ కంపెనీ ఏఓఎల్, కేబుల్ వైర్లున్న టైమ్ వార్నర్ విలీనానికి ఒప్పుకుంటూ, వ్యాపార పోటీని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2000 డిసెంబర్‌లో పెట్టిన షరతు వల్లే ఎర్త్‌లింక్ అనే వేరే ప్రొవైడర్ టైమ్ వార్నర్ వైర్ల మీద నెట్ అమ్మింది.

అయినా 2002 మార్చిలో మైకేల్ పావెల్ నాయకత్వంలోని ఎఫ్‌సీసీ, కేబుల్ నెట్ మొత్తం 'ఇన్ఫర్మేషన్ సర్వీసు' అని, అందులో విడిగా టెలికాం సర్వీసు అమ్మడం లేదని ప్రకటించింది. అంటే ఫోన్ కంపెనీకున్న బాధ్యతలు కేబుల్‌కి ఉండవు. నిబంధనలు పెడితే పెట్టుబడులు రావన్నది వాళ్ళ వాదన. కమిషనర్ మైకేల్ కాప్స్ ఒక్కరే ఒప్పుకోలేదు.

ఈ నిర్ణయం మీద కోర్టుకెళ్ళినవాళ్ళలో శాంటా మోనికాలోని బ్రాండ్ ఎక్స్ అనే చిన్న ప్రొవైడర్ ఒకటి. తొమ్మిదో సర్క్యూట్‌లో 2003లో గెలిచింది. 2005 జూన్ 27న సుప్రీంకోర్టులో 6-3 తేడాతో ఓడిపోయింది. అయితే ఆ ఓటమి ఎలాంటిదో చూడాలి. జస్టిస్ క్లారెన్స్ థామస్ రాసిన తీర్పు ఎఫ్‌సీసీ చెప్పిన అర్థమే సరైనదని అనలేదు. చట్టంలో స్పష్టత లేదు, ఏజెన్సీ చెప్పిన అర్థం సమంజసంగా ఉంటే కోర్టు దానికి తలొగ్గాలి అంది. దానికి ఆధారం 1984 నాటి షెవ్రాన్ తీర్పు. మెజారిటీ వైపే ఉన్న జస్టిస్ బ్రేయర్ కూడా ఎఫ్‌సీసీ నిర్ణయం దాని అధికార పరిధిలో బొటాబొటిగా పడుతుందేమో అన్నట్టు రాశారు. విభేదించిన జస్టిస్ స్కాలియా పిజ్జా కొట్టు పోలిక తెచ్చారు: డెలివరీ ఉందా అని ఫోన్ చేసి అడిగితే, లేదండీ, కానీ మీరు ఆర్డర్ చేస్తే పిజ్జా చేసి ఇంటికి తెచ్చిస్తాం అంటే ఎవరైనా ఏమనుకుంటారు? కేబుల్ నెట్‌లో టెలికాం సర్వీసు అమ్మడం లేదనడమూ అలాంటిదేనని ఆయన మాట.

రెండు నెలలైనా కాకముందే, ఆగస్టులో, ఎఫ్‌సీసీ ఫోన్ కంపెనీల డీఎస్ఎల్‌కీ (ఫోన్ లైన్ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్) అదే మినహాయింపు ఇచ్చింది. దాని మీద ఆధారపడ్డ ప్రొవైడర్లకి మిగిలింది ఒక్క ఏడాది గడువు.

2015లో టామ్ వీలర్ నాయకత్వంలోని ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్‌ని మళ్ళీ టెలికాం సర్వీసు అన్నప్పుడు, పాత దారి తెరుచుకుందని చాలామంది అనుకున్నారు. తెరుచుకోలేదు. నెట్‌వర్క్‌ని పోటీదారులకు ఇవ్వాలనే నిబంధనల్ని వర్తింపజేయబోమని ఆ ఉత్తర్వులోనే రాసుకున్నారు. 2024లోనూ అంతే. అంటే రెండు పార్టీలూ కొట్టుకుంటున్నది వైరు యజమాని ఎలా ప్రవర్తించాలన్న దాని మీదే, ఆ వైరు మీద ఇంకెవరు రావచ్చన్న ప్రశ్నని ఎప్పుడో వదిలేశారు. అమెరికాలో ఇల్లు మారిన మనవాళ్ళని అడగండి, కొత్త అడ్రస్ కొట్టి వెతికితే చాలాచోట్ల కేబుల్ కంపెనీ పేరు ఒక్కటే వస్తుంది.

ఇక ఆరో సర్క్యూట్ 2025 తీర్పుకి వస్తే, 2020లో థామస్ తన బ్రాండ్ ఎక్స్ తీర్పు తప్పని తనే రాశారు. 2024 జూన్ 28న సుప్రీంకోర్టు షెవ్రాన్‌నే రద్దు చేసింది. ఏజెన్సీ మాటకి తలొగ్గాల్సిన పని లేదు కాబట్టి ఆరో సర్క్యూట్ చట్టాన్ని తనే చదివి, బ్రాడ్‌బ్యాండ్ ఇన్ఫర్మేషన్ సర్వీసే అని తేల్చింది. 2005లో 'సమంజసమైన ఒక అర్థం'గా నిలబడిన మాట, ఇప్పుడు చట్టానికి ఉన్న ఒకే అర్థమైంది. ఎఫ్‌సీసీలో మనుషులు మారినా ఇక దాన్ని మార్చలేరు, కాంగ్రెస్ మార్చాలి, లేదా సుప్రీంకోర్టు.

రాష్ట్రాల చట్టాలు ఉన్నాయిగా అంటున్నారు. కాలిఫోర్నియా 2018లో చేసిన చట్టం గట్టిదే, నెట్‌ని ఆపకూడదు, నెమ్మది చేయకూడదు అంటుంది. వైరుని పోటీ ప్రొవైడర్లతో పంచుకోవాలన్న మాట మాత్రం అందులోనూ లేదు. బ్రాండ్ ఎక్స్ ఉన్న శాంటా మోనికా ఆ రాష్ట్రంలోదే.